మంచుదారి వేసిన తండ్రి



ఈ నెల మేము మీ యెదుట ఉంచు జీవితము ఒక బోధకునిది కాదు, ఒక మిషనెరీది కాదు. నూనె మరకల బట్టలతో గ్యారేజీలో పని చేసిన ఒక మెకానిక్కుది. ఆయన పేరు జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే. ఇంగ్లీషువారు ఆ పేరును బొంబార్డియర్ అని పలుకుదురు. కెనడా దేశములోని క్విబెక్ రాష్ట్రమున, వాల్‌కూర్ అను పల్లెలో 1907వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన ఆయన జన్మించెను. 1964 ఫిబ్రవరి 18న కన్నుమూసెను. మంచుమీద నడిచెడి మోటారు బండిని సామాన్య ప్రజలకు అందించినవాడని లోకము ఆయనను జ్ఞాపకము చేసికొనును.

ఆయన రోమను కతోలిక కుటుంబములో పుట్టి పెరిగినవాడు. మన సంఘపువాడు కాడు. అయినను ఆయన బ్రదుకులో ఒక గొప్ప దుఃఖము కలదు. ఆ దుఃఖము తరువాత ఆయన చేసిన పనియు కలదు. ఆ రెంటిని ఒకచోట ఉంచి చూచిన యెడల మనకు ఆలోచింపదగిన సంగతి దొరకునని మేము తలంచుచున్నాము.

మొదట ఆ దేశపు చలికాలమును గూర్చి కొంచెము చెప్పవలెను. మనలో అనేకులము మంచు కురియుట కన్నులార చూచినవారము కాము. మనకు మంచు అనగా పుష్యమాసపు తెల్లవారు జామున పొలముల మీద తెరవలె నిలిచి, పొద్దెక్కగానే కరగిపోవునది. వాల్‌కూర్ ప్రాంతమున అట్లు కాదు. అక్కడ మంచు దూదివలె కురిసి, పేరుకొని, గాలికి గుట్టలుగా కొట్టుకొనివచ్చి, దారులను, కంచెలను కప్పివేయును. వసంతము వచ్చువరకు అది కరగదు. ఇరువదవ శతాబ్దపు తొలి దినములలో ఆ పల్లెదారుల మీది మంచును తీయువారు లేరు. మోటారు కారు ఉన్నవారు శీతకాలము రాగానే దానిని కొట్టములో పెట్టి, చక్రముల క్రింద మొద్దులు పెట్టి, వసంతము వరకు దానిని ముట్టకుండిరి. గుఱ్ఱములు లాగు స్లెడ్జి బండియే దిక్కు. పెనుగాలితో మంచు కురిసినప్పుడు అదియు కదలదు. అప్పుడు ప్రతి యిల్లు ఒక దీవి యగును. వైద్యుడు రోగి యొద్దకు పోలేడు. రోగి వైద్యుని యొద్దకు రాలేడు.

మెత్తని మంచులో చక్రము ఏల నడువదు? బండి బరువంతయు చక్రము నేలకు తగులు ఆ కొద్దిపాటి చోటుమీదనే పడును. కనుక చక్రము దిగబడును. ఎంత తిరిగిన అంత లోతుకు పోవును. బరువును వెడల్పుగా పరచినయెడల మంచు దానిని మోయును. మంచుదేశములవారు కాళ్లకు పొడవైన పలకలు కట్టుకొని నడుచుటలోని మర్మము ఇదియే. అయితే పలక జారగలదు గాని బండిని ముందుకు నెట్టలేదు. నెట్టుటకు పట్టు కావలెను. దిగబడకుండ వెడల్పు, జారకుండ పట్టు, ఈ రెండును ఒక్క యంత్రములో కూర్చుటయే అప్పటి చిక్కు సమస్య.

ఈ సమస్యతో పోరాడినవారు బొంబార్డియేకు ముందును కలరు. రష్యా చక్రవర్తి మోటారుశాలలో పనిచేసిన అడోల్ఫ్ కెగ్రెస్ అను ఫ్రెంచివాడు కార్ల వెనుక చక్రములకు బదులు మెత్తని పట్టీలను అమర్చెను. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున వర్జిల్ వైట్ అనునాయన ఫోర్డు కారు ముందు చక్రములు తీసి స్కీ పలకలు పెట్టి, వెనుక పట్టీలు తొడిగించి అమ్మెను. విస్కాన్సిన్ రాష్ట్రములో కార్ల్ ఎలియాసన్ 1924లో చిన్న ఇంజనుతో ఒక మంచుబండిని చేసెను. కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువయాత్రకు మూడు మోటారు స్లెడ్జిలను కొనిపోయెను. 1911 జనవరి 8న ఓడనుండి దింపుచుండగనే వానిలో ఒకటి సముద్రపు మంచుగడ్డ పగిలి మునిగిపోయెను. తక్కిన రెండు అదే సంవత్సరము అక్టోబరు చివర బయలుదేరి, కొద్ది దినములకే ఇంజనులు చెడి నిలిచిపోయెను. వానిని నడిపినవారు సామానును తమ భుజములకు పట్టెలు కట్టుకొని లాగుకొని పోవలసివచ్చెను. మంచుమీద మోటారు నడుపుట ఎంత కష్టమో ఇందువలన మనకు తెలియును.

ఇక మన కథానాయకుని బాల్యమునకు వత్తము. తండ్రి పేరు ఆల్ఫ్రెడ్, తల్లి పేరు అన్నా. ఎనమండుగురు బిడ్డలలో ఆర్మాండ్ జ్యేష్ఠుడు. తండ్రి మొదట వ్యవసాయదారుడు, తరువాత సరకుల అంగడి పెట్టుకొనెను. ఈ పిల్లవాడు ఏ యంత్రము చేతికి దొరకినను విప్పి చూచెడివాడు. పాత గడియారముల లోపలి భాగములతో కదలెడి బొమ్మలను చేసెను. పనికిరాని తుపాకి ముక్కతో చిన్న ఫిరంగిని చేసెను. ఇంటిలో గడియారములు, పనిముట్లు క్షేమముగా ఉండవలెనన్న తలిదండ్రులు అతనికి ఏదో యొక పని చూపక తప్పలేదు. అతనికి పదునైదేండ్లప్పుడు తండ్రి నడువని పాత ఫోర్డు కారు ఇంజనును ఇచ్చి, దీనితో నీ యిష్టము వచ్చినట్లు చేసికొమ్మని విడిచిపెట్టెను.

1922 డిసెంబరు 31వ తేదీన ఆ యిల్లు చుట్టములతో నిండియుండగా, బయట చెవులు గింగురుమను శబ్దము పుట్టెను. అందరు వెలుపలికి వచ్చి చూచిరి. రెండు స్లెడ్జిలను ఒకదానికొకటి తగిలించి, వెనుకదాని మీద ఆ ఫోర్డు ఇంజను బిగించి, దానికి విమానపు రెక్కవంటి కొయ్యపంకాను అమర్చి, ఆర్మాండు ఒక బండిని చేసియుండెను. అతని తమ్ముడు లియోపోల్డు ముందు కూర్చుండి దారి త్రిప్పుచుండగా, ఆర్మాండు వెనుక ఇంజను చూచుకొనుచుండెను. అన్నదమ్ములిద్దరు వాల్‌కూర్ వీధులలో మంచుమీద పోవుచుండగా జనులు తలుపులు తెరచి నివ్వెరపోయి చూచిరి.

తండ్రికి ఆశ్చర్యముకంటె భయము ఎక్కువ కలిగెను. ఏ అడ్డును లేక బయట తిరుగుచున్న ఆ పంకా తగిలినవాని గతి ఏమి? దానిని వెంటనే విప్పివేయవలెనని ఆయన ఆజ్ఞాపించెను. కుమారుడు లోబడెను. బండి ఆ దినముతో సరి. అయితే మంచుమీద మోటారుతో పోవచ్చునను మాట అతని మనస్సులో పాతుకొనిపోయెను. తండ్రి చేసినది తప్పని మేము అనము. బిడ్డ ప్రాణమును గూర్చి భయపడుట తండ్రికి సహజము. ఆ భయమునే ఆర్మాండు కూడ తరువాత మరియొక రీతిగా ఎరుగవలసియుండెను.

పెద్దకుమారుడు గురువు కావలెనని తలిదండ్రుల కోరిక. అందుచేత అతనిని పదునాలుగేండ్ల ప్రాయమున షెర్‌బ్రూక్ పట్టణములోని సెమినరీకి పంపియుండిరి. అతడు అక్కడ మూడేండ్లు చదివెను. గాని అతని చూపు పుస్తకములకంటె ఇంజనుల మీదనే నిలిచెను. తనకు ఆ పిలుపు లేదని తండ్రితో చెప్పి, 1924లో చదువు మానివచ్చెను. తలిదండ్రులు నొచ్చుకొనియుందురు, అయినను బలవంతపెట్టలేదు. దేవుని సేవ ఒక్క పీఠము వెనుకనే జరుగునను కొందరి యభిప్రాయమునకు ఈ జీవితమే ప్రత్యుత్తరము. అతడు ప్రక్క గ్రామములోని గ్యారేజీలో పని నేర్చుకొనెను. తరువాత మాంట్రియల్ నగరములో మెకానిక్కుగా ఉండి, సాయంకాలములందు మోటారు విద్యను, విద్యుచ్ఛక్తి విద్యను అభ్యసించెను. శాస్త్ర పత్రికలు చదువుటకై ఇంగ్లీషు నేర్చుకొనెను.

1926లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, వాల్‌కూర్‌లో తన సొంత గ్యారేజీని తెరచెను. అందుకు తండ్రి సహాయము చేసెను. కుమారుడు ఆ అప్పును మూడేండ్లలో తీర్చెను. పనివాడు మంచివాడైనప్పుడు వాని మాట ఊరంతయు ప్రాకును. కార్లే గాక రైతుల పనిముట్లు, పంపులు, ఏవి చెడినను ఆయన యొద్దకే తెచ్చిరి. చేతికి కావలసిన పనిముట్టు లేకపోయిన యెడల తానే చేసికొనెడివాడు. ప్రక్కనున్న ఏటికి చిన్న కట్ట కట్టి, నీటి బలముతో తన గ్యారేజీకి విద్యుత్తు పుట్టించుకొనెను.

అయితే ఆ గ్యారేజీకి ఏటేట ఒక బాధ. శీతకాలము రాగానే కార్లు నిలిచిపోవును గనుక పని తగ్గును. ఆ ఖాళీ మాసములే ఆయనకు ప్రయోగములు చేయు కాలమయ్యెను. 1926 మొదలు దాదాపు పదేండ్లు ప్రతి శీతకాలము ఒక క్రొత్త బండిని చేయుట, మంచులో నడుపుట, అది చెడుట, విప్పుట, మరల చేయుట, ఇదియే వరుస. ఒక్కరిద్దరు ఎక్కు తేలిక బండిని చేయవలెనని ఆయన మొదటి ఆశ. కాని ఆ దినములలోని ఇంజనులు మిక్కిలి బరువు, బలము చాలదు, చిన్న బండి వానిని మోయలేకపోయెను. అందుచేత ఆయన ఆ యాశను ప్రక్కన బెట్టి అనేకులు కూర్చుండు పెద్ద బండివైపు తిరిగెను.

1929 ఆగస్టు 7న ఆయన యివోన్ లబ్రెక్ అను ఆమెను వివాహము చేసికొనెను. వారికి ఆరుగురు బిడ్డలు కలిగిరి. వారిలో ఒకడు యివోన్, తల్లి పేరే పెట్టిన మగబిడ్డ.

1934 శీతకాలము. పెనుమంచు కురిసి వాల్‌కూర్ దారులన్నియు మూసికొనిపోయియుండెను. అప్పుడు రెండేండ్ల యివోన్‌కు కడుపునొప్పి వచ్చెను. అపెండిక్స్ వాచి, విషము కడుపంతయు వ్యాపించెను. శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి షెర్‌బ్రూక్‌లో, దాదాపు 50 కిలోమీటర్ల దూరమున ఉండెను. వేసవిలో అది కారుకు ఒక గంట దారి. ఆ దినమున అది చంద్రమండలమంత దూరము. గుఱ్ఱపుబండి పోజాలదు. మంచుమీద నడుచుటకై ఆ తండ్రి తన చేతులతో చేయుచున్న యంత్రము గ్యారేజీలో అసంపూర్తిగా పడియుండెను. బిడ్డ చనిపోయెను.

చదువరులారా, ఇక్కడ మేము కొంచెము నిలువగోరుచున్నాము. ఈ కథను చెప్పువారు తరచుగా, ఆ బిడ్డ మరణము వలననే ఈ బండి పుట్టెనని చెప్పుదురు. అది సరికాదు. ఆ బిడ్డ పుట్టకమునుపే, అప్పటికి పండ్రెండేండ్ల క్రిందటనే, ఆయన ఆ పని మొదలుపెట్టియుండెను. మరికొందరు, గొప్ప మేలు కలుగుటకై దేవుడే ఆ బిడ్డను తీసికొనెనని చెప్పుదురు. మన సంఘములలో బిడ్డలను పోగొట్టుకొనిన తల్లులు కలరు. ఆ మాట వారి యెదుట పలుకగలమా? మేము పలుకలేము. ఒక యంత్రమునకు వెలగా ఒక బిడ్డను అడుగువాడు మనము ఎరిగిన తండ్రి కాడు. ఇంతమాత్రము చెప్పగలము: ఆ దినము వరకు ఆయన చేతిలోనున్నది ఒక చిక్కుముడి; మంచుకును ఇంజనుకును నడుమ నున్న పందెము. ఆ దినము తరువాత ఆ పనికి ఒక ముఖము కలిగెను.

దావీదు బిడ్డ చనిపోయినప్పుడు ఆయన నేలనుండి లేచి, స్నానము చేసి, దేవుని మందిరమునకు పోయి, తరువాత భోజనము చేసెనని మనము సమూయేలు రెండవ గ్రంథము పండ్రెండవ అధ్యాయములో చదువుచున్నాము. ఆయన సేవకులకు అది వింతగా తోచెను. దుఃఖము లేక కాదు ఆయన లేచినది, దుఃఖముతోనే లేచెను. బొంబార్డియేయు ఆ గ్యారేజీకి మరల పోవలసియుండెను. విప్పియుంచిన ఆ భాగములు అక్కడనే ఉండెను. వానిని చూడలేక తలుపు మూసివేసినయెడల ఎవరు ఆయనను తప్పు పట్టుదురు? ఆయన తలుపు మూయలేదు.

ఆ మరుసటి సంవత్సరము, అనగా 1935లో, ఆయనకు చిక్కు విడిపోయెను. అప్పటివరకు పట్టీని త్రిప్పు చక్రముల సందులలో మంచు ఇరుకుకొని గడ్డకట్టి, పట్టీ జారుచుండెను, లేక తెగుచుండెను. ఆయన రబ్బరు తొడుగు గల పళ్లచక్రమును చేసెను. రబ్బరు పట్టీలను ఇనుప అడ్డకమ్ములతో జోడించి, ఆ చక్రపు పళ్లు ఆ కమ్ముల నడుమ పట్టుకొని త్రిప్పునట్లు అమర్చెను. రబ్బరు వంగును గనుక మంచు దానిమీద గడ్డకట్టి నిలువలేదు. బండి ముందు త్రిప్పుటకు స్కీ పలకలు. వెనుక బరువు మోసి నెట్టుటకు ఈ పట్టీలు. వెడల్పును పట్టును ఒకచోట కలిసెను. ఈ కల్పనకు 1937 జూన్ 29న కెనడా ప్రభుత్వము ఆయనకు పేటెంటు నిచ్చెను.

ఆ బండికి బి-7 అని పేరు పెట్టెను. బి అనగా బొంబార్డియే, 7 అనగా ఏడుగురు ఎక్కుదురు. కొయ్యపలకలతో చేసిన మూసిన గది, వెనుకభాగమున ఇంజను. గ్యారేజీ గుమ్మము మీది పలకను మార్చి, మంచుమోటారు అను అర్థము వచ్చు ఫ్రెంచి పేరు వ్రాయించెను. తానే బండిని ఊరూరికి నడుపుకొని పోయి, పత్రికలవారి యెదుట గుట్టలు ఎక్కించి చూపెను. మొదట కొన్నవారెవరో చూడుడి: పల్లెటూరి వైద్యులు, గురువులు, పూటకూళ్ల యజమానులు, టపా మోయువారు. రెండేండ్లలోనే పాత గ్యారేజీ చాలకపోయెను. 1941 నాటికి క్రొత్త కర్మాగారము లేచెను. సంవత్సరమునకు 200 బండ్లు చేయుటకు అది చాలును. ఆయన తమ్ముళ్లును ఆయనతో కలిసి పనిచేసిరి.

పిమ్మట పండ్రెండుగురు ఎక్కెడి బి-12 బండి వచ్చెను. దాని ప్రక్కలనున్న గుండ్రని కిటికీలను బట్టి ఇప్పటికిని జనులు దానిని గుర్తుపట్టుదురు. అది రెండువేలకు పైగా తయారయ్యెను. బడిపిల్లలను తీసికొనిపోవు ఇంకను పెద్ద బండ్లును చేసెను. ఆ బండ్లలో రోగులు ఆసుపత్రికి పోయిరి. పురుడు పోయువారు గర్భిణీల యొద్దకు పోయిరి. ఉత్తరములు, పాలు, శవపేటికలు పోయెను. 1934 శీతకాలమున ఒక బిడ్డకు దొరకని దారి, పదేండ్లు గడవకమునుపే ఎందరో బిడ్డలకు దొరకెను. ఆ బండి వలన బ్రదికినవారి పేర్లు ఎవరును వ్రాసియుంచలేదు. బ్రదికినవారు తమ బ్రదుకు తాము బ్రదికిరి, అంతే. మేలు చాలమట్టుకు ఈ రీతిగానే కనబడకుండ జరుగును.

రెండవ ప్రపంచయుద్ధ కాలములో ఇనుము, రబ్బరు దొరకుట కష్టమయ్యెను. మంచుబండి తనకు నిజముగా అవసరమని రుజువు చూపినవారికే అమ్మకము. ఆయన 1942లో తన వ్యాపారమును కంపెనీగా నమోదు చేయించి, కెనడా సైన్యమునకు మంచులోను బురదలోను నడిచెడి బండ్లను రూపించి యిచ్చెను. యుద్ధము ముగిసిన తరువాత మరల పల్లెజనుల బండ్లకు తిరిగెను.

1948లో ఆయనకు ఎదురుచూడని దెబ్బ తగిలెను. క్విబెక్ ప్రభుత్వము పల్లెదారుల మీది మంచునంతటిని యంత్రములతో తీయించుటకు నిశ్చయించెను. దారులు తెరచుకొనెను, సాధారణమైన కార్లు శీతకాలమందును నడువసాగెను, మంచుబండ్లు కొనువారు ఒక్కసారిగా తగ్గిపోయిరి. ప్రజలకు వచ్చిన మేలే ఆయన వ్యాపారమునకు కీడయ్యెను. ఇట్టి వేళ మనుష్యుని హృదయములో నున్నది బయటపడును. ఆయన ప్రభుత్వమును నిందించుచు కూర్చుండలేదు. దారి లేని చోట్లు ఇంకను ఎక్కడ కలవని వెదకెను. అడవులలో కొయ్య కొట్టువారికి, బురదనేలలలో నూనెగొట్టములు వేయువారికి, విద్యుత్తీగెలు లాగువారికి పనికివచ్చు పట్టీబండ్లు చేయసాగెను. 1953లో వచ్చిన మస్కెగ్ ట్రాక్టరు వానిలో పేరుపొందినది. మస్కెగ్ అనగా ఉత్తరదేశపు రొంపినేల. వివియన్ ఫుక్స్ నాయకత్వమున 1957, 1958 సంవత్సరములలో దక్షిణ ధ్రువఖండమును దాటిన బృందము వెంట ఇట్టి ట్రాక్టరు ఒకటి బయలుదేరినది. స్కాట్ మోటారులు చెడి నిలిచిన ఖండమది.

చిన్ననాటి ఆశ మాత్రము ఆయనను విడువలేదు. ఒక్కరిద్దరు ఎక్కు తేలిక బండి! 1950 తరువాతి కాలములో చిన్నవియు బలమైనవియునగు ఇంజనులు దొరకసాగెను. పెద్దకుమారుడు జెర్మెయిన్ పట్టీల పనిలో తండ్రికి చేదోడయ్యెను. అతుకు లేని వెడల్పైన ఒకే రబ్బరు పట్టీ సిద్ధమయ్యెను. 1922లో తండ్రి విప్పివేయమనిన ఆటబండి, ముప్పదియారేండ్లు కాచుకొని యుండి, ఇప్పుడు వేరొక రూపమున పుట్టెను.

ఆ బండి మొట్టమొదట ఎవరికి చేరెను? ధనికునికి కాదు. ఆయన మిత్రుడైన మారిస్ ఊయిమే అను కతోలిక మిషనెరీ ఒంటారియో రాష్ట్రపు ఉత్తరభాగమున లాన్స్‌డౌన్ హౌస్ అను మారుమూల చోట, ఓజిబ్వే అను ఆదివాసుల నడుమ పనిచేయుచుండెను. అక్కడ కుక్కలు లాగు బండ్లే ఆధారము. 1959 ఏప్రిలులో బొంబార్డియే స్వయముగా అక్కడికి పోయి, చిన్న మంచుబండిని ఆ మిషనెరీకి అప్పగించి, ఆ నేలమీద నడిపి చూచెను. కుక్కబండికి బదులు వచ్చినది గనుక దానికి స్కీ-డాగ్ అను పేరు తలపెట్టగా, అచ్చులో పొరపడి స్కీ-డూ అయ్యెనని చెప్పుదురు. ఆ పేరే నిలిచెను. మొదటి శీతకాలమున 225 బండ్లు తయారయ్యెను. ఒక్కొక్కటి 900 డాలర్లు.

వేటగాండ్రకు, మిషనెరీలకు, అడవిలో పనిచేయువారికి ఇది ఉపకరించునని ఆయన తలంచెను. అయితే పట్టణపు జనులు దానిని వినోదమునకై కొనసాగిరి. కొన్ని యేండ్లలో అమ్మకములు వేలకు చేరెను. ఉత్తరదేశములలో తరతరములుగా నడిచిన కుక్కబండ్లు తెరమరుగయ్యెను. దూరపు వేట సులభమయ్యెను. దానితోబాటు ఇంజను నూనెకు, విడిభాగములకు డబ్బు వెదకుకొనవలసిన అవసరము కూడ వచ్చెను. వేగమును గూర్చిన మోజు ప్రమాదములను తెచ్చెను. నిశ్శబ్దముగా నున్న అడవులలో చప్పుడు నిండెను. ఇది యంతయు దాచిపెట్టి చెప్పుట మాకు తగదు. మనుష్యుని చేతిపని యేదియు మేలుమాత్రమే కాదు. పుచ్చుకొనువాని చేతినిబట్టియే దాని ఫలము.

1964 ఫిబ్రవరి 18న ఆయన క్యాన్సరు వ్యాధితో చనిపోయెను. అప్పటికి వయస్సు 56 ఏండ్లే. కంపెనీ భారము మొదట కుమారుడు జెర్మెయిన్‌కును, 1966లో అల్లుడు లోరాన్ బోద్వాన్‌కును వచ్చెను. తరువాతి కాలమున అది రైలుపెట్టెలను, విమానములను కూడ చేయు పెద్ద సంస్థ అయ్యెను. ఢిల్లీ మెట్రోలో ఎక్కినవారు ఆ పేరుగల కంపెనీ చేసిన పెట్టెలలో కూర్చుండియుందురు. 2003లో మంచుబండ్ల శాఖ వేరుపడెను. 2021లో రైలు శాఖ మరియొక సంస్థకు అమ్ముడుపోయెను. వ్యాపారములు చేతులు మారును. వాల్‌కూర్‌లో మాత్రము ఆయన మొదటి గ్యారేజీని పదిలపరచి, 1971లో తెరచిన ప్రదర్శనశాలలో చూపుచున్నారు. మారిస్ ఊయిమే నడిపిన ఆ చిన్న బండియు అక్కడ కలదు.

ప్రియులారా, ఈ జీవితమునుండి మేము పెద్ద సిద్ధాంతములు తీయబోము. చేయుచున్న మంచి పని మనకు కావలసిన గడియకు అందకపోవచ్చును. ఇంకొక నెల ముందైన యెడల, ఇంకొక ఏడు ముందైన యెడల అని లోపల కుములువారు మనలో ఎందరు లేరు! ఆలస్యముగా నేర్చిన వైద్యము, ఆలస్యముగా వ్రాసిన ఉత్తరము, ఆలస్యముగా అడిగిన క్షమాపణ. మనవారికి అందలేదని ఆ పనిని విడిచిపెట్టుట సులభము. మనవారికి అందకపోయినను పొరుగువాని బిడ్డకైనను అందనిమ్మని దానిని ముగించుట కష్టము. ఆ గ్యారేజీ మనిషి చేసినది ఆ కష్టమైన పని.

మన ఊళ్లలో మంచు కురియదు. అయినను దారి మూసికొనిపోయిన యిండ్లు మన సంఘములో కలవు. మంచము పట్టిన వృద్ధుని యిల్లు, బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లి యిల్లు, అప్పులవారికి వెరచి ఆరాధనకు రాని వాని యిల్లు. ఈ నెలలో అట్టి యింటికి ఒక్కదానికైనను మనము దారి వేయుదుము గాక. మన చేతిలో అసంపూర్తిగా పడియున్న పని యేదో, ఎవరికొరకు దానిని ముగింపవలెనో, ప్రతివారును దేవుని సన్నిధిని తమ్మును తాము అడిగికొందురు గాక.